మందుల కంపెనీలో పిల్లల గది

మా వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన పడుచు జంటలు, బిడ్డకు రెండేళ్ళు నిండీ నిండకముందే నన్ను వెతుక్కుంటూ వస్తారు. “ఆంటీ, మీరు జీవితమంతా పిల్లల్నే చూసుకున్నారట కదా, ఏ డే కేర్ మంచిదో చెప్పండి” అంటారు. ఫోనులో నాలుగు బడుల ఫోటోలు చూపించి, గోడ మీద జిరాఫీ ఉన్నది మేలా, ఏనుగు ఉన్నది మేలా అని నన్నే తేల్చమంటారు. నాకు నవ్వొస్తుంది. నేను ఏ బడినీ ఎంచుకున్నదాన్ని కాను, ఎంచుకోవడానికి నాకు పిల్లలు లేరు. వచ్చినవాళ్ళు చూసి, పెదవి విరిచి పోతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డదాన్ని నేను. పెళ్ళిచూపులు నాకు ఒక్కసారే జరిగాయి గానీ ఉద్యోగంలో మాత్రం ఏటా జరిగేవి.

అందుకని అడిగినవాళ్ళకు సలహా ఇవ్వకుండా ఒక సంగతి చెప్పడం మొదలుపెడతాను. సగంలో పిల్ల ఏడుస్తుంది, వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. చివరిదాకా విన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. రాసిపెడితే తీరిక దొరికినప్పుడు మీరే చదువుకుంటారని రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. అంతకుముందు మేడ్చల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పసివాళ్ళకు అక్షరాలు దిద్దించేదాన్ని. మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే జ్వరంతో పోయాడు. మా పుట్టింటివాళ్ళు షామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికేవాళ్ళు. నన్ను కూర్చోబెట్టి పోషించే స్థోమత వాళ్ళకు లేదు, వాళ్ళ మీద పడి తినే మనసు నాకూ లేదు. ఊళ్ళోనే విడిగా ఒక గది అద్దెకు తీసుకున్నాను. 

ఆ కంపెనీలో చిన్నపిల్లలకు వేసే టీకా మందులు తయారయ్యేవి. ఆడవాళ్ళు చాలామంది పనిచేస్తారు కాబట్టి వాళ్ళ పిల్లలకు ఒక గది ఉండాలని రూలట. దానికొక టీచరు, ఒక ఆయా. పొద్దున్నే కంపెనీ బండి మా సందు మొదట్లో వచ్చి ఆగేది. నాకోసం ఒక బండి ఆగడం అదే మొదటిసారి. ఆ సంబరం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేక డ్రైవరుకే చెప్పాను. ఆయన నన్నొక వింత మనిషిలా చూసి గేరు మార్చాడు.

గది బాగుండేది. క్యాంటీను వెనకాల, రెండు కిటికీలు, నాలుగు ఊయలలు, చాపలు, బుట్టెడు బొమ్మలు. లేనిదల్లా పిల్లలే. ఎందుకంటే కంపెనీ వెనక షెడ్డులో, మందుల పరీక్ష కోసం కుందేళ్ళనూ ఎలుకల్నీ పెంచేవాళ్ళు. ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్ళకు చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. “ముందుగాల కుందేండ్ల మీద చూస్తరట, ఎన్క పిల్లల మీద చూస్తరట, గందుకే పిల్లల రూము వెట్టిండ్రట” అని. లోపల పనిచేసే ఆడవాళ్ళకు అదంతా ఉత్తమాటని తెలుసు. కానీ ఇంట్లో అత్తమామల ముందు ఆ మాట అనడానికి నోరు లేచేది కాదు. బిడ్డల్ని తల్లుల దగ్గరో ఆడబిడ్డల దగ్గరో వదిలి పనికొచ్చేవాళ్ళు.

నేను రోజూ గది ఊడ్చి, బొమ్మల్ని ఒక వరసలో పెట్టి, మధ్యాహ్నానికి ఇంకో వరసలో మార్చేదాన్ని. మా ఆయా తుర్కపల్లి మనిషే, నోరు గలది. “ఏంది టీచరమ్మా, బొమ్మలకు హాజరు తీస్తున్నవా?” అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆమెకు సాయంత్రం ఇంటికెళ్తే ఇల్లంతా జనం. నాకు ఆ నవ్వే రోజంతటికీ మిగిలేది.

అలాంటి రోజుల్లో ఒకమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. అత్వెల్లిలో భూములున్న పెద్దింటి కోడలు. డిగ్రీ చదివింది. సీసాల్లో మందు నింపే సెక్షన్‌లో కొత్తగా చేరింది. ఆ ఇంటి ఆడవాళ్ళలో గడప దాటి నౌకరీకి వచ్చింది ఈమే మొదలు. భర్త ప్లాట్లు అమ్మే వ్యాపారంలోనూ, ఎలక్షన్లప్పుడు నాయకుల వెంటా తిరిగే మనిషి. ఏడాది దాటిన ఆడపిల్ల ఉంది.

“అక్కా, పిల్లను పెట్ట మంచి జాగ దొర్కితెనే నౌకరి, లేకుంటె ఇంట్ల కూసోమంటున్నరు” అంది. “మా ఆయనకు మేడ్చల్‌ల కొత్తగ వెట్టిన ప్లే స్కూలు మీద మనసున్నది. టై, బూట్లు, ఇంటి ముంగటికి వ్యాను. నాకేమో గీడనే పెట్టాలని ఉన్నది. పగటీలి వచ్చి పాలిచ్చి పోవచ్చు గదా.”

“మరి ఎవరు తేలుస్తరు?” అన్నాను.

“మా అత్తమ్మ. ఆమె వచ్చి చూస్తదట.”

ఆ అత్తమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. కొడుకు సుమోలో దింపి గేటు బయటే సిగరెట్టు కాలుస్తూ నిలబడ్డాడు. నేను కుర్చీ వేస్తే ఆమె కూర్చోలేదు, గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను పిల్లను ఆడించాను, పాట పాడాను. ఆమె లేచి ఒక్కొక్క చాపా ఎత్తి వాసన చూసింది. మంచినీళ్ళ కుండలో నీళ్ళు అరచేతిలోకి వంచుకుని చూసింది. ఆయా చేతిగోళ్ళు చూపించమంది. ఇన్నేళ్ళలో గోడ మీద బొమ్మలు చూసి పోయినవాళ్ళే గానీ చాపలు వాసన చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చివరికి నా దగ్గరికొచ్చింది.

“మీరెవర్లు?”

“షామీర్‌పేట చెరువు కాడోల్లమమ్మా.”

“చాపలు పట్టెటోల్లా?”

“అవునమ్మా.”

“మీ ఆయన?”

“లేడు.”

“పిల్లలు?”

“లేరు.”

“అంటె ఒక్కదానివే.”

“ఒక్కదాన్నేనమ్మా.”

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. “పిల్లకు కూడు మా ఇంటికెల్లి వస్తది. నువ్వు తినిపియ్యి, వండకు. ఇంకో మాట. చిన్నగున్నప్పుడు సూది ఇప్పిస్తె జరమొచ్చి నా మన్మరాలు దినమంత మూలిగింది. గప్పుడే ఒట్టు వెట్టుకున్న, ఇంకో సూది పొడవనియ్య అని. గీడ సూదులు గీదులని తెలిసిందో, మంచిగుండదు.”

వండొద్దన్న మాట నాకు చురుక్కుమంది. కానీ తినిపించొద్దని అనలేదు కదా అని సర్దుకున్నాను. ఆ రోజుల్లో మాలాంటివాళ్ళం దాన్ని గెలుపు కిందే లెక్కేసుకునేవాళ్ళం.

అలా పిల్ల వచ్చింది. గదికంతా ఒకే ఒక్క పిల్ల. మొదటివారం తల్లి వెళ్ళిపోగానే గుమ్మం వైపు చూసి ఏడ్చేది. మధ్యాహ్నం తల్లి పాలివ్వడానికి వస్తే ఇంకా ఎక్కువ ఏడ్చేది. కారణం మాకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది. మందు నింపే గదిలోకి బొట్టు, గాజులు, పూలు, కాటుక ఏవీ పెట్టుకుని పోనివ్వరు. పొద్దున నిండుగా కనపడిన అమ్మ మధ్యాహ్నం బోసి నుదురుతో, చప్పుడు లేని చేతులతో వచ్చేసరికి పిల్లకు ఎవరో అనిపించేది. నేను స్టిక్కరు బొట్ల ప్యాకెట్టు కొని కిటికీలో పెట్టాను. ఆ అమ్మాయి గుమ్మం బయటే ఒకటి అతికించుకుని, రెండు గాజులు వేసుకుని లోపలికొచ్చేది. పిల్ల ఎగిరి మీద పడేది. బొట్టు పెట్టుకోవడం మానేసి ఏళ్ళయిన నేను కొట్టుకు పోయి బొట్టుబిళ్ళలు అడిగితే, కొట్టతను ప్యాకెట్టు చేతికిస్తూ నా నుదుటి వైపు చూశాడు. 

నన్ను ఆ పిల్ల ‘తీత’ అనేది. టీచరనడం రాక. మధ్యాహ్నం నిద్రకు నా భుజం మీద పడి చెవితమ్మె పట్టుకునేది. పట్టు వదిలిందంటే నిద్రపోయినట్టు. నేను కదలకుండా కూర్చునేదాన్ని. చెయ్యి తిమ్మిరెక్కేది, అయినా కదిలేదాన్ని కాదు. నా జీవితంలో ఎవరూ నన్ను అలా పట్టుకుని నిద్రపోలేదు. ఆదివారం వస్తే నాకు తోచేది కాదు. గదిలో కూర్చుని, ఇప్పుడు ఏం చేస్తుంటుందో, ఎవరి చెవి పట్టుకుని పడుకుందో అనుకునేదాన్ని. ఇంకొకరి బిడ్డ మీద అంత ఆశ పెట్టుకోకూడదని తెలుసు. తెలిసి ఏం లాభం?

పెద్దింటి పిల్లే వస్తోందని తెలిశాక మిగతావాళ్ళకు ధైర్యమొచ్చింది. “పటేలింటి పిల్లకు లేని పరేషాని మనకెందుకు?” అనుకుని ఒక్కరొక్కరే తెచ్చారు. వానాకాలం వచ్చేసరికి ఊయలలు చాలక రెండు కొత్తవి కట్టించాం. సిబ్బంది వ్యవహారాలు చూసే మా ఆఫీసరు, గదిలోకి ఎప్పుడూ రాని మనిషి, వచ్చి పిల్లలతో ఫోటో కూడా దిగాడు.

ఒక పొద్దున ఆ అమ్మాయి సంచి ఇస్తూ నన్ను పక్కకు పిలిచింది.

“అక్కా, పిల్లకు బూస్టర్ సూది టైమైంది. ఇయ్యాల ఊర్లకు నర్సమ్మ వస్తాంది. అన్నం గంటల తీస్కపోయి ఇప్పిచ్చుకొస్త.”

“ఇంట్ల చెప్పినవా?”

“చెప్తె ఇప్పియ్యనిస్తరా? దినాం గవే సీసాలు నింపుతున్న నేను. యాడెక్కడి పిల్లలకో పంపుతున్నం. నా బిడ్డకు లేకుంటె ఎట్లక్కా?”

“జర ఆలోచించు. మీ అత్తమ్మ ఒట్టు వెట్టుకున్నది.”

“ఒట్టు మా అత్తమ్మది. పిల్ల నాది” అంది. అలా గట్టిగా మాట్లాడటం నేను ఆ రోజే విన్నాను. కానీ వెంటనే నా చెయ్యి పట్టుకుంది. “ఎవలకు చెప్పకక్కా.”

నేను చెప్పనన్నాను. మధ్యాహ్నం ఆమే ఎత్తుకుపోయింది, ఆమే తీసుకొచ్చింది. పిల్ల తొడ పట్టుకుని వెక్కుతోంది. నేను తడిగుడ్డ వేశాను. సాయంత్రానికి ఆడుకుంది. సర్కారు నర్సమ్మ ఇచ్చే మామూలు టీకా, దేశంలో అందరి పిల్లలూ వేయించుకునేదే. దాని కోసం టీకాలు తయారుచేసే మనిషి దొంగలా పోయి రావలసి వచ్చింది.

మర్నాడు పొద్దున బండి దిగేసరికి గేటు దగ్గర రెండు సుమోలు ఆగి ఉన్నాయి. చుట్టూ పది పదిహేనుమంది, తెల్ల చొక్కాలవాళ్ళు. మధ్యలో ఆ పిల్ల తండ్రి. రాత్రి పిల్లను ఎత్తుకోబోతే తొడ ముట్టుకోనివ్వక కెవ్వుమందట. చూస్తే వాపు, వాపు మధ్యలో సూది గుర్తు. ఊళ్ళో తిరుగుతున్న మాట ఆయన చెవిలో ఎప్పటినుంచో ఉంది. ఇక చెప్పేదేముంది?

“ఎవడు పొడిచిండు సూది? మా పిల్లేమన్న మీ కుందేలా?” అని అరుస్తున్నాడు. షిఫ్టుకు వచ్చిన ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మా ఆఫీసరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి, “మావాళ్ళు అలాంటి పని చెయ్యరండీ, కనుక్కుంటాను, కనుక్కుంటాను” అంటున్నాడు. నన్ను చూసి, “ఏం టీచరమ్మా, ఏమైంది? చెప్పు!” అన్నాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి.

ఆ అమ్మాయి సుమో పక్కన, అత్తగారి వెనక నిలబడి ఉంది. పిల్ల అవ్వ చంకలో ఉంది. ఆ అమ్మాయి ఒక్కసారి తలెత్తి నా వైపు చూసి మళ్ళీ దించుకుంది. ఆ చూపులో బతిమాలడం కూడా లేదు. అంతా అయిపోయిందనుకున్న మనిషి చూపది. నిజం చెబితే ఆమెను ఇంకెన్నడూ ఆ గేటు లోపల అడుగు పెట్టనివ్వరు. నాకు తెలియదంటే కంపెనీయే పొడిచిందని ఊరంతా ఖాయం చేసుకుంటుంది.

“నేనే సార్” అన్నాను. “ఊర్లకు సర్కారు నర్సమ్మ వచ్చింది. టైమైందని నేనే తీస్కపోయి ఇప్పించిన. అందరి పిల్లలకిచ్చే సూదే. కంపెనీకి ఏం సంబంధం లేదు.”

ఇది చదివి నన్ను త్యాగమూర్తిని చేయకండి. నాకు అంత మంచితనం లేదు. ఆలోచించుకునే టైము ఇచ్చి ఉంటే ఆ మాట అనేదాన్ని కానేమో. నోట్లోంచి వచ్చేసింది, అంతే.

పిల్ల తండ్రి నా మీదికొచ్చాడు. “మా పిల్లకు సూది ఇప్పియ్యనీకి నువ్వెవలు? కన్నవా? పెంచినవా?”

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆయా మాత్రం ముందుకొచ్చి ఏదో అనబోయింది, నేను చెయ్యి పట్టి ఆపాను. అప్పటిదాకా మాట్లాడని పెద్దావిడ నా వైపు చాలాసేపు చూసింది. తరవాత కొడుకుతో, “ఇగ సాలు తియ్యి బిడ్డా. పిల్లను ఈడ ఉంచేది లేదు. సంచి తెప్పియ్యి, పోదాం” అంది.

సంచి నేనే తెచ్చాను. గౌన్లు, పాలగ్లాసు, స్టీలు గిన్నె సర్దాను. గేటు దగ్గరికొచ్చి ఇవ్వబోతే పిల్ల అవ్వ చంకలోంచి నా వైపు రెండు చేతులూ చాపింది. “తీత, తీత” అని. ఆమె పిల్లను అటు తిప్పుకుని బండెక్కింది. కోడలు మాత్రం ఎక్కలేదు. ఆమె షిఫ్టు టైమైంది, తలొంచుకుని నా పక్కనుంచే గేటు లోపలికి నడిచి పోయింది. అంటే నౌకరీ నిలబడింది. నేను ఆ ఒక్క సంగతే పట్టుకుని గదికి తిరిగొచ్చాను.

వారం తిరిగేసరికి గది మళ్ళీ ఖాళీ. కంపెనీ సూది పొడవలేదు, టీచరు పొడిపించింది. తల్లులకు ఆ రెండింటికీ పెద్ద తేడా కనపడలేదు, నేను వాళ్ళను తప్పుపట్టను. చెప్పకుండా పిల్లను ఎక్కడికో ఎత్తుకుపోయే మనిషి దగ్గర నేనైనా వదలను. ఆఫీసరు పిలిచి, “మీ మంచితనం మా కొంప ముంచింది టీచరమ్మా” అన్నాడు. ఉద్యోగం మాత్రం తీసేయలేదు. రూలు ప్రకారం పిల్లల గది ఉండాలి, గదికి టీచరు ఉండాలి. పిల్లలు ఉండాలని మాత్రం రూలు లేదు. ఆయాను క్యాంటీనుకు మార్చారు. నేనొక్కదాన్నే మిగిలాను.

మీలో ఎవరైనా ఖాళీ గదికి జీతం తీసుకుని ఉంటే తెలుస్తుంది అదేమిటో. పొద్దున్నే తాళం తీసేదాన్ని. ఊడ్చేదాన్ని. పక్కన క్యాంటీనులో జనం నవ్వులు, గిన్నెల చప్పుడు. నేను వెళ్తే బెంచీ మీద జాగా ఇచ్చేవాళ్ళు గానీ మాట ఇచ్చేవాళ్ళు కాదు. కొన్ని రోజులు పొద్దున డ్రైవరుకు నమస్తే చెప్పడం, సాయంత్రం మళ్ళీ చెప్పడం, ఆ రెండే నేను ఆడిన మాటలు. 

ఆ అమ్మాయి ఒక్కసారే వచ్చింది. పిల్లను తీసుకుపోయిన మూడు నాలుగు రోజులకు, మధ్యాహ్నం పాలిచ్చే వేళకు. గుమ్మంలో నిలబడింది. తెల్లకోటు ముందు భాగం తడిసి ఉంది. పొద్దంతా పిల్ల తాగకపోయేసరికి పాలు నిలిచి గడ్డకట్టాయి. లోపలికి రమ్మని తలుపు వేశాను. మూల కూర్చుని పాలు గుడ్డలోకి పిండుకుంటూ ఏడ్చింది.

“మేడ్చల్ స్కూలోల్లు వయసు సాలదన్నరు. మా ఆయన ఎవలితోనో ఫోను చేపిచ్చిండు. తీస్కున్నరు” అంది. “అక్కా, ఇంట్ల చెప్పేస్త. నేనే ఇప్పిచ్చిన అంట.”

“చెప్పి ఏం జేస్తవ్? పిల్ల మల్ల గీడికొస్తదా? నువ్వు గూడ ఇంట్ల కూసుంటవ్, అంతే.”

మొహం కడుక్కుని వెళ్ళింది. తరవాత దారిలో ఎదురైతే తల తిప్పుకునేది. సిగ్గో, భయమో, నన్ను చూస్తే పిల్ల గుర్తొచ్చేదో. నేను అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకున్నంత మాత్రాన బాధ తగ్గదు, అదీ అప్పుడే తెలిసింది.

ఒకనాడు సగం రోజు సెలవు పెట్టి మేడ్చల్ పోయాను. ఆ ప్లే స్కూలు ఎదురుగా టీ కొట్టు ఉంది. బడి వదిలే వేళకు బెంచీ మీద కూర్చున్నాను. గోడ నిండా బొమ్మలు, పసుపురంగు వ్యాను. పిల్లలు వరసగా వచ్చారు. ఆ పిల్ల కూడా వచ్చింది, మెడలో టై పక్కకు జారి, బూట్లు బరువై కాళ్ళీడుస్తూ. ఏడవటం లేదు. దగ్గరికి పోదామని లేచాను. ఏమని పోవాలి? తల్లినా, అవ్వనా, ఏమవుతానని చెప్పాలి? వ్యాను కదిలి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది. అయినా తాగి బస్సెక్కాను. పిల్ల ఏడవటం లేదని సంతోషపడాలి కదా. నేను బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

రోజులు గడిచాయి. పొలాలు ప్లాట్లయ్యాయి, ఎక్కడెక్కడివాళ్ళో కంపెనీలో చేరారు. వాళ్ళకు కుందేళ్ళ కథ తెలియదు, నా కథా తెలియదు. గదిలో మళ్ళీ నలుగురైదుగురు పిల్లలు చేరారు. ఆయాను క్యాంటీను నుంచి వెనక్కి పంపారు. అలాంటి ఒక పొద్దున, ఒక చంకలో మగపిల్లాడిని ఎత్తుకుని, ఇంకో చేత్తో బడి బట్టల్లో ఉన్న ఆడపిల్లను పట్టుకుని ఆ పెద్దావిడ వచ్చింది.

ఆమె అప్పటిలాగే గోడకానుకుని నేల మీద కూర్చుంది. ఈసారి చాపలు వాసన చూడలేదు.

“గీడు ఎన్క పుట్టిండు” అంది. “నీ కాడ పెడ్తందుకొచ్చిన.”

“మీ అబ్బాయి ఒప్పుకున్నడా అమ్మా?”

“వాని సంగతి నేను జూస్కుంట.” పిల్లాడి చొక్కా సర్దింది. “ఆ సూది మా కోడలే ఇప్పిచ్చింది. నాకు గా రాత్రే ఎర్క.”

నేను బిత్తరపోయి చూశాను.

“పిల్లకు ఒళ్ళు ఎచ్చవడకముందే జరం మందు తాపుతుంటె జూసిన. రాని జరానికి మందెందుకు తాపుతది? అనుకునేలోపే మా పిలగాడు వాపు జూసిండు, లొల్లి వెట్టిండు. చెప్తె దాన్ని నౌకరి మాన్పిస్తుండె. ఇంటి పరువు గేటు కాడ పడుతుండె. ఏం జేద్దునా అనుకుంటుంటె నువ్వు మీదేస్కున్నవ్.”

“మరి మీరు…”

“ఊకున్న.” ఆమె నా మొహంలోకే చూస్తూ చెప్పింది. “నువ్వు ఒక్కదానివి. ఇంట్ల అడిగెటోల్లు లేరు, కొట్టెటోల్లు లేరు. నీ మీద పడితె ఎవలింట్ల లొల్లి కాదు గదా అనుకున్న. తప్పే అనుకో.”

కోపం రావాలి. రాలేదు. ఆమె అన్నది నిజమే. ఎవరూ లేని మనిషి మీద ఏది వేసినా చప్పుడు కాదు. నేను ఆ పని చేసినప్పుడు అలా అనుకోలేదు గానీ, బహుశా అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందేమో. ఇన్నాళ్ళూ అది నా మంచితనమో తెలివితక్కువతనమో తేల్చుకోలేకపోయాను. ఆమె ఒక్క మాటలో తేల్చి నా ముందు పెట్టింది.

“కూడు ఈసారి ఇంటికెల్లి రాదు” అంది లేస్తూ. “నా మోకాండ్లు పనిజేస్తలెవ్వు. నువ్వే వండి వెట్టు.” పిల్లాడిని నా చేతుల్లో పెట్టింది. వాడు గుక్కపట్టి ఏడుపు అందుకున్నాడు.

మీరు నన్ను ఏ డే కేర్ మంచిదని అడుగుతారు కదా. ఆ పెద్దావిడ ఎలా ఎంచుకుందో చెప్పాను. అందులో మీకు పనికొచ్చేది ఏమైనా ఉంటే తీసుకోండి. నాకు మాత్రం ఆ క్షణంలో ఆమె మాట మీద, పిల్లాడి ఏడుపు మీద ధ్యాస లేదు. నా కళ్ళన్నీ ఆ ఆడపిల్ల మీదున్నాయి. పొడవైంది. రెండు పిలకలు. గదంతా కలయజూసింది, ఊయలలు చూసింది, బొమ్మల బుట్టలో చెయ్యి పెట్టి కెలికింది. ఇప్పుడు నా వైపు తిరుగుతుంది, తిరిగి ఒక్క క్షణం ఆగి, పరుగెత్తుకొస్తుంది అనుకున్నాను. ఏడుస్తున్న పిల్లాడిని ఒక భుజం మీదికి మార్చుకుని రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకున్నాను కూడా.

తిరిగింది. నా దాకా వచ్చింది. బడిలో నేర్పినట్టు చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి, తప్పు లేకుండా అడిగింది.

“వాట్ ఈజ్ యువర్ నేమ్?”

నా పేరు చెప్పాను. “థ్యాంక్యూ” అని, పక్కనే ఉన్న ఆయా దగ్గరికి పోయి ఆమెనూ అదే అడిగింది.